పాత కారుకు పుట్టు రంగు: ఆటోనగర్ షెడ్డు నుంచి ప్రదర్శన మైదానం దాకా

విజయవాడలో గానీ గుంటూరులో గానీ పాత కార్లు ఒకచోట చేరినప్పుడు జనం ఎక్కడ గుమిగూడతారో గమనించండి. తెల్ల అంబాసిడర్లను చూస్తూ చూస్తూ దాటిపోతారు. పిస్తా రంగు ఫియట్ కనిపించగానే ఆగిపోతారు. పిల్లల్ని ముందు నిలబెట్టి ఫొటో తీసుకుంటారు. "మా నాన్నగారికి అచ్చం ఇలాంటిదే ఉండేదండీ" అని యజమానితో మాట కలుపుతారు. ఇంజిన్ సంగతి, మోడల్ సంవత్సరం సంగతి ఆ తర్వాతే అడుగుతారు.

దీనికి కారణం మన రోడ్ల మీదే ఉంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద పది నిమిషాలు నిలబడితే వచ్చేవీ పోయేవీ చాలావరకు తెలుపు, వెండి, బూడిద, నలుపు కార్లే. వాటికి అలవాటుపడిన కంటికి లేత నీలం, మీగడ రంగు, ఆకుపచ్చ కారు ఎదురైతే చూపు తిప్పుకోవడం కష్టం. అయితే ఏ రంగు పడితే ఆ రంగు కొట్టిస్తే ఈ పని జరగదు. 1970ల నాటి ఫియట్‌కి ఈనాటి మెటాలిక్ ఎరుపు వేయిస్తే జనం ఒకసారి చూస్తారు, అంతే. ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో బయటికొచ్చిందో ఆ రంగులో ఉన్న కారు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడతారు. ఒంపులు, క్రోమ్, అద్దాలు, సీట్లు అన్నీ ఆ రంగును దృష్టిలో పెట్టుకుని చేసినవి కాబట్టి అందం అక్కడే కుదురుతుంది.

ఇంట్లో తాతగారి కారు షెడ్డులో పడి ఉన్నా, ఎవరి దగ్గరైనా పాతది కొన్నా, దాన్ని పుట్టు రంగులోకి తెచ్చి ప్రదర్శనలో నిలబెట్టడానికి ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు కొంచెం చరిత్ర

కార్లకు రంగులు రావడం వెనుక రసాయన శాస్త్రం ఉంది. ఫోర్డ్ మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చింది. ఆ రోజుల్లో మంచి రంగు వేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ (త్వరగా ఆరే ఒక రకం పెయింటు) 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్‌లాండ్ కార్ల మీద నీలం రంగుగా వచ్చాక ఆరే సమయం గంటల్లోకి దిగింది. అక్కడి నుంచి రంగులకు అడ్డు లేకుండా పోయింది. మన పెయింటర్లు స్ప్రే పనిని ఇప్పటికీ "డ్యూకో" అనడం అప్పటి నుంచి వచ్చిందే.

మన దగ్గర ప్రదర్శనల్లో కనిపించేవాటిలో ఎక్కువ భాగం నాలుగు ఊళ్లవి. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ 1950ల చివర నుంచి 2014 దాకా వచ్చింది. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100కి 1974లో ప్రీమియర్ పద్మిని అనే పేరు వచ్చింది, అయినా మనవాళ్లకు అది ఎప్పటికీ ఫియటే. 1960లలో మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చింది. గుర్‌గావ్ నుంచి 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 కూడా ఇప్పుడు ఈ వరసలో చేరింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కనీసం 30 ఏళ్లు నిండినవాటినే చారిత్రక వాహనాలంటుంది. ఆ లెక్కన తొలినాటి మారుతీలు ఎప్పుడో అర్హత సంపాదించాయి. మీ ఇంట్లో ఉన్న ఎర్ర మారుతిని తక్కువగా చూడకండి.

మొదటి అడుగు: రంగు వేయించాలా, ఉన్నది కాపాడాలా

చాలామంది కారు చేతికి రాగానే ఆటోనగర్‌కి తోలుకెళ్తారు. తొందరపడవద్దు. ఫ్యాక్టరీలో వేసిన రంగే ఇంకా మిగిలి ఉంటే, అక్కడక్కడ గీతలున్నా, మెరుపు తగ్గినా, దాన్ని ఉంచుకోవడమే గొప్ప. తెలిసినవాళ్లు కొత్తగా మెరిసే కారుకన్నా పుట్టు రంగుతో మిగిలిన కారుకే ఎక్కువ విలువిస్తారు. ఒకసారి గీకేస్తే అది మళ్లీ రాదు.

రంగు మీద వేలితో గట్టిగా రుద్దండి. వేలికి పొడి అంటితే భయపడనక్కర్లేదు. ఎండకు పై పొర పాడైందంతే, కింద మంచి రంగు ఉండవచ్చు. బానెట్ మూల మీద అరచేతి వెడల్పు జాగాలో మెత్తటి పాలిష్‌తో చేత్తో రుద్ది చూడండి. లోతైన రంగు బయటపడితే మీకు కావాల్సింది పెయింటర్ కాదు, ఓపికగా పాలిష్ చేసే మనిషి. పాత కారుకు పాలిష్ మెషిన్ పెట్టనివ్వకండి. అంచుల దగ్గర పొర పలచగా ఉంటుంది, క్షణంలో రేకు బయటపడుతుంది.

ఆ తర్వాత అయస్కాంతం పరీక్ష. ఫ్రిజ్ మీద అతికించే చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి తలుపుల కింది భాగం, మడ్‌గార్డ్ అంచులు, డిక్కీ కింద ఆనిస్తూ వెళ్లండి. గట్టిగా పట్టుకుంటే అక్కడ రేకు ఉన్నట్టు. జారిపోతే కింద గుంటలు పూడ్చే పుట్టీ దళసరిగా ఉన్నట్టు, దాని వెనుక తుప్పు ఉండవచ్చు. అలాంటి చోట్లు ఎక్కువగా ఉంటే పూర్తి పని తప్పదు. ఒకటి రెండు చోట్లే ఉంటే ఆ ప్యానెల్ వరకే చేయించి మిగతాది వదిలేయవచ్చు.

రెండో అడుగు: కాగితాలు

రంగు గురించి చెబుతూ కాగితాల సంగతి ఎందుకంటే, ఆర్‌సీలో కారు రంగు కూడా రాసి ఉంటుంది. పాత యజమాని లేత నీలం కారును తెల్లగా మార్పించి, ఆర్‌సీలోనూ తెలుపని రాయించి ఉంటే, మీరు మళ్లీ నీలంలోకి తెచ్చినప్పుడు రవాణా శాఖ కార్యాలయంలో ఆ మార్పు నమోదు చేయించాలి. నమోదు చేయకుండా తిరిగితే తనిఖీలో టెన్షన్, బీమా క్లెయిమ్‌లో గొడవ.

సొంత కారు ఆర్‌సీకి మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనానికైతే 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నియమాలు వర్తిస్తాయి. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆపై రెన్యువల్‌కి 5,000. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబర్లలో వీఏ అనే అక్షరాలుంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ పనులకు నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు పోయించడం, మరమ్మతు లాంటివాటికే రోడ్డెక్కాలి. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లిరావాలని ఉంటే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకుంటూ ఉండడం మేలని నా అభిప్రాయం.

మూడో అడుగు: పుట్టు రంగును వెతికి పట్టుకోవడం

మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ సమయం పెట్టాల్సిందీ ఇక్కడే.

పాత కారు ఇద్దరు ముగ్గురు చేతులు మారేసరికి రెండు మూడు రంగులు మారి ఉంటుంది. కానీ ఏ పెయింటరూ కారును చివరి నట్టు దాకా విప్పడు. అందుకే అసలు రంగు ఎక్కడో ఒకచోట దాక్కునే ఉంటుంది. డాష్‌బోర్డు కింద పైకి చూడండి. గ్లవ్ బాక్సు లోపల చూడండి. తలుపు లోపలి రెక్సిన్ ప్యానెల్ విప్పితే లోపల రేకు మీద కనిపించవచ్చు. డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ లాగితే దాని గాడిలో, హెడ్‌లైట్ రింగు విప్పితే దాని వెనుక, గడప మీద బిగించిన అల్యూమినియం పట్టీ కింద వెతకండి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మడ్డి తుడిచేస్తే చాలు.

అక్కడా దొరక్కపోతే పొరలు విప్పాలి. పైకి కనిపించని చోట, ఉదాహరణకు డిక్కీ మూత లోపలి అంచున, ఐదు రూపాయల బిళ్ల అంత జాగా ఎంచుకోండి. 800 నంబరు వాటర్ పేపరును (తడిపి రుద్దే గరుకు కాగితం) నీళ్లలో తడిపి మెల్లగా గుండ్రంగా రుద్దండి. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ అరిగేలా చూసుకోండి. కాసేపటికి వలయాలు తేలతాయి. పైన తెలుపు, దాని కింద బూడిద రంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), తర్వాత మెరూన్, మళ్లీ ప్రైమర్, దాని కింద లేత ఆకుపచ్చ, దాని కింద ఇటుక రంగు ప్రైమర్, చివరికి మెరిసే రేకు. రేకుకు అంటిపెట్టుకున్న ప్రైమర్ మీద మొట్టమొదట ఉన్న రంగే పుట్టు రంగు. అది ఆకుపచ్చ అని తేలిన క్షణాన, ఇన్నేళ్లూ తెల్ల కారనుకున్నది ఒక్కసారిగా వేరే కారైపోతుంది.

పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ వర్ణాల్లోనూ ప్రైమర్లలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకకండి. తడిపే రుద్దండి, మాస్కు పెట్టుకోండి, ఆ బురదను పిల్లలు ఆడుకునే చోట పోయకండి.

కుటుంబం కారైతే పెళ్లి ఆల్బమ్‌లు తిరగేయండి. నలుపు తెలుపు ఫొటో రంగు చెప్పకపోయినా, కారు ఒకే రంగుదా రెండు రంగులదా, చక్రాల రిమ్ములు బాడీ కన్నా లేతగా ఉన్నాయా, సైడు పట్టీలు ఉన్నాయా అన్నది చెబుతుంది. పెద్దవాళ్లను అడగండి గానీ వాళ్ల జ్ఞాపకాన్ని రేకుతో సరిచూసుకోండి. ఒకే కారును తాతయ్య నీలమంటారు, అమ్మమ్మ బూడిదంటుంది.

నాలుగో అడుగు: రంగు కలిపించడం

దొరికిన రంగును ఫోన్‌లో ఫొటో తీసి పెయింట్ షాపులో చూపిస్తే లాభం లేదు. ఫోన్ రంగును తన ఇష్టం వచ్చినట్టు మారుస్తుంది. గ్లవ్ బాక్సు మూత లాంటి ఊడదీయగల ముక్కను తీసుకెళ్లండి. కంప్యూటర్ మిక్సింగ్ ఉన్న షాపుల్లో రంగు చదివే పరికరం ఉంటుంది, దానితో దగ్గరి ఫార్ములా వస్తుంది. అది దగ్గరిదే తప్ప అచ్చమైనది కాదు.

ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. నూనె ఆధారంగా తయారైన పాత ఎనామెల్ ఏళ్ల తరబడి చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది. గ్లవ్ బాక్సులో దొరికిన మీగడ రంగు నిజానికి ఇంకాస్త తెల్లగా ఉండి ఉండవచ్చు, లేత నీలం ఆకుపచ్చ వైపు జరిగి ఉండవచ్చు. అందుకే ఆ ముక్కను కొన్నాళ్లు ఎండలో ఉంచి, మెత్తగా పాలిష్ చేసి అప్పుడు పోల్చండి. బయట ఎండకు కాలిన చోటు నుంచి నమూనా అసలు తీసుకోవద్దు. ఎరుపులైతే మరీ ఎక్కువగా వెలిసిపోతాయి.

షాపువాళ్లు కలిపిచ్చినదాన్ని మూడు చిన్న రేకు ముక్కల మీద కొట్టించండి. ఒకటి ఉన్నదున్నట్టు, ఒకటి చుక్క నలుపుతో, ఒకటి చుక్క పసుపుతో. మూడింటినీ పొద్దున ఎండలో, మిట్టమధ్యాహ్నం నీడలో, రాత్రి ట్యూబ్‌లైటు కింద అసలు ముక్క పక్కన పెట్టి చూడండి. ఒక వెలుగులో కలిసిన రంగులు ఇంకో వెలుగులో విడిపోతాయి. ప్రదర్శన జరిగేది ఎండలో కాబట్టి ఎండలో కలిసినదే ఖాయం చేసుకోండి. ఫార్ములా కాగితం జాగ్రత్తగా దాచుకోండి, రేపు ఎక్కడైనా గీత పడితే అదే ఆధారం.

ఈ దశలో మేస్త్రి నుంచి ఒక మాట వస్తుంది. "ఈ పాత రంగు దేనికండీ, మెటాలిక్ కొట్టేద్దాం, అదిరిపోద్ది." మంచి మనసుతోనే అంటాడు. ఆ మాట వినకండి. ఆ కాలపు మన కార్లవి ఎక్కువగా మెరుపు రేణువులు లేని ముద్ద రంగులు. అంబాసిడర్ గుండ్రటి మడ్‌గార్డు మీద ముద్ద రంగు పడితే నీడ మెల్లగా ఒంపు వెంట జారుతుంది. మెటాలిక్‌లో ఆ నీడ ముక్కలై ఒంపే కనిపించకుండా పోతుంది.

రెండు రంగుల కారైతే గీత ఎక్కడ పడాలన్నది కీలకం. మంగళగిరి చీరకు అంచు ఎంత ముఖ్యమో దీనికి ఆ గీత అంత ముఖ్యం. రేకులో ఉన్న మలుపు వెంట, లేదా క్రోమ్ పట్టీ కిందుగా గీత వెళ్లాలి. సాధారణంగా పైకప్పు లేత రంగులో ఉంటుంది, మన ఎండలకు లోపల వేడి కూడా కాస్త తగ్గుతుంది. ఫ్యాక్టరీలో ఒకే రంగుతో వచ్చిన కారును అందం కోసం రెండు రంగులు చేయడం నాకు నచ్చదు.

ఐదో అడుగు: మేస్త్రి, షెడ్డు, కాలం

లారీల బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్‌లో రేకు మలిచే చేతులకు కొదవ లేదు. గుంటూరు ఆటోనగర్‌లోనూ మంచివాళ్లున్నారు. యాక్సిడెంట్ కార్లను బీమా గడువులోపు ముగించే షెడ్డుకూ, పాత కారును ఓపికగా చేసే షెడ్డుకూ చాలా తేడా. ఇంతకుముందు వాళ్లు చేసిన పాత కారు ఒకటి చూపించమనండి. తలుపు తెరిచి అంచుల్లో చూడండి. రబ్బరు మీద రంగు తుంపర పడి ఉంటే, స్క్రూల తలలకు రంగు అంటి ఉంటే, విప్పకుండా టేపు వేసి కొట్టారన్నమాట. ఇంకో షెడ్డు చూసుకోండి.

ధర మొత్తానికి ఒకే అంకెగా మాట్లాడుకోవద్దు. విప్పడం, టింకరింగ్ (రేకు పని), ప్రైమర్, రంగు, పాలిష్, బిగించడం విడివిడిగా రాయించుకోండి. ఏ దశ ముగిస్తే ఆ దశకు డబ్బు. తుప్పు విప్పాకే బయటపడుతుంది కాబట్టి టింకరింగ్ అంచనా పెరిగే అవకాశం ఉందని ముందే అనుకోండి.

ఇక కాలం. మన మే నెల ఎండకు థిన్నర్ గాల్లోనే ఆవిరై రంగు పొడిపొడిగా దిగుతుంది, ఉపరితలం నారింజ తొక్కలా గరుకుగా వస్తుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. లాకర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి ఆ తేమను పట్టుకుంటుంది, రంగు మీద తెల్లటి పొగ కమ్మినట్టవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. అప్పుడైనా తెల్లవారుజామున మంచు ఉంటుంది కాబట్టి పొద్దెక్కి రేకు తడి ఆరాక మొదలుపెట్టాలి.

ఆరో అడుగు: రేకు పని

బంపర్లు, గ్రిల్, లైట్లు, హ్యాండిళ్లు, బీడింగ్, పట్టీలు, సీట్లు, కుదిరితే అద్దాలు కూడా విప్పించండి. ప్రతి భాగం స్క్రూలనూ విడివిడి కవర్లలో వేసి, పైన పేరు రాసి, అవి మీ ఇంట్లోనే పెట్టుకోండి. అంబాసిడర్ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. హెరాల్డ్ పట్టీ ఒకటి పోతే వెతుక్కోవడం నరకం.

తుప్పు పట్టిన రేకును కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. పైన ఫైబర్ ముక్క అతికించి పుట్టీ పూయడం మోసం, రెండు వానాకాలాలు కూడా ఆగదు. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోవడమే సగం తుప్పుకు మూలం. వాటిని తెరిపించండి, పని అయ్యాక పుట్టీతో మూసుకుపోలేదని చూసుకోండి. పుట్టీ వాడకం తప్పు కాదు. డెంటును సుత్తితో, వెనుక ఆనించే ఇనుప దిమ్మ డాలీతో చదును చేసిన తర్వాత చిన్న చిన్న పల్లాలకు పలచగా వాడాలి. పుట్టీ ముందు రోజు అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి, పుట్టీ తర్వాతా వెళ్లండి. మేస్త్రి మొదట నవ్వినా తర్వాత జాగ్రత్తపడతాడు.

ప్రైమర్ వేశాక దాని మీద పలచగా నలుపు చల్లి, పొడవాటి చెక్కకు పేపరు చుట్టి రుద్దితే ఎత్తుపల్లాలు బయటపడతాయి. నలుపు మిగిలిన చోటు పల్లం. చేతివేళ్లతో పేపరు పట్టుకుని రుద్దితే వేళ్ల దారులు రేకు మీద పడతాయి, అవి మైదానంలో ఎండకు అలల్లా కనిపిస్తాయి. 320 నంబరు పేపరుతో మొదలై 400, 600 దాకా వెళ్లాలి. రంగు అందం ఇక్కడే తేలిపోతుంది, స్ప్రే గన్ పట్టుకున్నాక చేయగలిగింది తక్కువ.

ఏడో అడుగు: రంగు కొట్టడం

పాత పద్ధతి లాకర్, సింథటిక్ ఎనామెల్ ఒకవైపు, గట్టిపడే ద్రవం కలిపే రెండు భాగాల పాలియురిథేన్ ఇంకోవైపు. లాకర్‌లో పాతకాలపు మెత్తటి మెరుపు ఉంటుంది గానీ మన ఎండకు తొందరగా మసకబారుతుంది, పెట్రోలు చుక్క పడితే మచ్చ. ఎనామెల్ చవక, ఆరడం ఆలస్యం, ఆ లోపు దుమ్ము పట్టేస్తుంది. మన వాతావరణానికి రెండు భాగాల పాలియురిథేన్ ముద్ద రంగునే నేను సిఫారసు చేస్తాను, అదీ పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శక పొర) లేకుండా. దళసరి క్లియర్ వేస్తే పాత కారు గాజు తొడిగిన బొమ్మలా మెరుస్తుంది. క్లియర్ లేకుండా రంగునే చివర్లో 1500, 2000 పేపర్లతో రుద్ది పాలిష్ చేస్తే మెరుపు రంగులో నుంచి వచ్చినట్టుంటుంది.

ఆ గట్టిపడే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఒకసారి పడకపోతే ఆస్తమా జీవితాంతం వదలకపోవచ్చు. మొహానికి తువ్వాలు కట్టుకుని కొట్టే మేస్త్రిని చూసీ చూడనట్టు ఊరుకోవద్దు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డులోనే చేయించండి. ఆ ఖర్చు మీరు పెట్టుకున్నా ఫర్వాలేదు.

తలుపుల లోపలి అంచులు, బానెట్ అడుగు, డిక్కీ లోపలి వైపు ముందు కొట్టి, బయటి భాగాలు తర్వాత కొట్టాలి. ప్రదర్శనలో కారు తలుపులు తెరుస్తూనే ఉంటారు. బయట ఆకుపచ్చ, తలుపు అంచున తెలుపు కనిపిస్తే పడిన శ్రమంతా వృథా.

ఎనిమిదో అడుగు: చుట్టూ ఉన్నవి

క్రోమ్ ఎంత మెరిస్తే రంగు అంత లేస్తుంది. బంపర్లను ప్లేటింగ్‌కి ఇస్తే ముందు రాగి, తర్వాత నికెల్, ఆపైన క్రోమ్ వేస్తారా అని అడగండి. నికెల్ సరిగా లేకపోతే కొద్ది నెలల్లోనే తుప్పు చుక్కలు తేలతాయి. వెండి రంగు స్ప్రే కొట్టిన బంపరు కన్నా కాస్త మసకబారిన అసలు క్రోమ్ నయం. కొత్త రబ్బరు బీడింగులు తప్పనిసరి. పెళుసెక్కిన పాత రబ్బరు కొత్త రంగు పక్కన దిష్టి చుక్కే. సీట్లకు ఆ కాలపు రెక్సిన్‌కు దగ్గరగా ఉన్న ముద్ద రంగు ఎంచుకోండి. టైర్లకు తెల్ల పట్టీలు పెద్ద అమెరికన్ కార్లకు బాగుంటాయి, అంబాసిడర్‌కీ ఫియట్‌కీ నప్పవు.

తొమ్మిదో అడుగు: మైదానానికి

కారును నడిపించుకుంటూ తేవడమే అందం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరుస్తుంది. ఇంధన గొట్టాలు, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు దాన్ని తట్టుకునేవాటితో మార్పించండి. పెట్రోలు చెమ్మ కొత్త రంగు మీదకు కారకుండా ట్యాంకు మూత వాషరు కూడా చూసుకోండి. ఫ్యాన్ బెల్టు ఒకటి, మంచినీళ్ల డబ్బా, చిన్న అగ్నిమాపక సిలిండరు డిక్కీలో ఉండాలి. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఎండపూట నిలిచిపోతే పాత ఇంజిన్‌లో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోతుంది. పొద్దున్నే ఏడింటిలోపు చేరుకుంటే ఆ బాధ ఉండదు.

పదో అడుగు: వెలుగు చూసుకుని నిలబెట్టడం

ఎవరూ పట్టించుకోని విషయం ఇది. ఎంత మంచి రంగైనా నిలబెట్టిన చోటును బట్టి చచ్చిపోవచ్చు. తొందరగా చేరుకుంటే చోటు అడిగే అవకాశం ఉంటుంది. పొద్దుటి సూర్యుడు చూసేవాళ్ల వీపు వైపు ఉండేలా, కారు పక్కభాగం మీద ఎండ ఏటవాలుగా పడేలా నిలబెట్టండి. లేత రంగులకు పొద్దున పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెలుగు ప్రాణం పోస్తుంది. మధ్యాహ్నం నెత్తిన ఎండలో మీగడ రంగు, తెలుపు ఒకేలా కనిపిస్తాయి.

షామియానా కింద పెట్టమంటే గుడ్డ రంగు చూడండి. ఎరుపూ పసుపూ చారల షామియానా కింద లేత నీలం కారు బురద రంగుకు తిరుగుతుంది, మీగడ రంగు కారు గులాబీ అవుతుంది. తెల్ల గుడ్డ అయితే సరే, లేదంటే చెట్టు నీడ అంచున నిలబెట్టడం మేలు. పక్కన ఏ కారు ఉందో కూడా చూడండి. మీ పిస్తా ఆకుపచ్చకు పక్కన మెరూన్ కారు ఉంటే రెండూ వెలుగుతాయి. ఇంకో లేత ఆకుపచ్చ ఉంటే జనం రెండింటినీ పోల్చి ఒకదాన్ని తక్కువ చేస్తారు. యజమానితో మాట్లాడి సర్దుకోవచ్చు, ఇలాంటిచోట ఎవరూ కాదనరు.

ముదురు రంగు కారైతే రేకు ఎంత కాలుతుందో చేయి పెట్టి చూడండి. పిల్లలు ఆనుకుంటారు.

పదకొండో అడుగు: జనంతో

కారు ముందు తెలుగులో చిన్న బోర్డు పెట్టండి. మోడల్, తయారైన ఊరు, సంవత్సరం, ఇంజిన్ సీసీ, ఆపైన రంగు కథ రెండు వాక్యాల్లో. పొరలు విప్పినప్పుడు వలయాలు తేలిన ఆ చోటును రంగు వేయడానికి ముందు ఫొటో తీసి ఉంటే దాన్ని పెద్దది చేయించి బోర్డు పక్కన పెట్టండి. జనం కారును ఎంతసేపు చూస్తారో ఆ ఫొటోనూ అంతసేపు చూస్తారు. పాత నంబరు ఏపీ 16దో ఏపీ 7దో అయితే అది కృష్ణా బండా గుంటూరు బండా అన్నది ఊరివాళ్లు మీకే చెబుతారు.

తాడు కట్టి జనాన్ని దూరం పెట్టడం నాకు ఇష్టం లేదు. దానికన్నా ఒక తలుపు తెరిచి ఉంచి, అటువైపు మీరే నిలబడి, పిల్లల్ని ఒక్కొక్కరినే స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టండి. ముట్టుకుంటామంటే క్రోమ్ హ్యాండిల్ చూపించండి. బెల్టు బకిల్స్, భుజాన వేలాడే బ్యాగుల జిప్పులు, ఉంగరాలు, ఈ మూడే రంగుకు గీతలు పెట్టేది. ఇంట్లో కుర్రాడొకడు మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో వెనుక నిలబడితే చాలు. వేలిముద్రలు పొడిగా తుడవకూడదు, ముందు దుమ్ము ఊదేసి, కాస్త తడి గుడ్డతో అద్దాలి.

పెద్దవాళ్లెవరైనా కారు పక్కన ఆగి మాట్లాడడం మొదలుపెడితే తొందరపెట్టకండి. ఏ కారు ఏ రంగులో వచ్చేదో, ఏ వీధిలో ఎవరికి ఉండేదో ఇప్పటికీ తెలిసినవాళ్లు వాళ్లే. చెప్పింది రాసుకోండి, మీ తర్వాతి కారుకు పనికొస్తుంది.

ఇంటికొచ్చాక

బండి చల్లబడే దాకా నీళ్లు పోయకండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, వేడి రేకు మీద ఆరితే తెల్ల మచ్చలు దిగిపోతాయి. నీడలో మంచినీళ్లతో కడిగి వెంటనే తుడవండి. పక్షి రెట్ట పడితే మర్నాటి దాకా ఆగొద్దు, తడి గుడ్డ కాసేపు వేసి నానబెట్టి తీసేయండి. కొత్తగా కొట్టిన రంగుకు మొదటి నెల మైనం పాలిష్ వద్దు, లోపలి ద్రావకం పూర్తిగా పోవాలి. ప్లాస్టిక్ కవరు కప్పితే చెమ్మ లోపలే నిలిచి రంగు మీద బొబ్బలు లేస్తాయి. కాటన్ కవరు కప్పండి, దాన్ని కూడా వారానికోసారి తీసి దులిపి, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి, ఇంజిన్‌ను పావుగంట నడపండి.